పాకిస్తాన్ పెంచిన మతఛాందసులు పాకిస్తాన్ మీదకే ఎందుకు తిరగబడ్డారు?

ప్రభుత్వం వాళ్ల చేతికి డబ్బూ ఆయుధాలే కాదు, ఎవరు నిజమైన ముస్లిమో తేల్చే పెత్తనం కూడా ఇచ్చేసింది, అందుకే పట్టు తప్పింది. 1980ల్లో సైనిక పాలకుడు జియా ఉల్ హక్ సోవియట్ సైన్యంపై సాగిన అఫ్గాన్ యుద్ధం కోసం వాళ్లను చేరదీశాడు. 2001లో అప్పటి సైనిక పాలకుడు ముషారఫ్ అఫ్గాన్ తాలిబన్‌పై యుద్ధంలో అమెరికా పక్కన చేరేసరికి వాళ్ల లెక్కలో ప్రభుత్వమే మతద్రోహి అయిపోయింది.

ఇస్లామాబాద్ లాల్ మసీదునే తీసుకోండి, జియా హయాంలో అండదండలు దొరికిన చోటు. 2007లో అక్కడి మదర్సా అమ్మాయిలు బురఖాల్లో, చేతుల్లో పొడవాటి కర్రలతో పక్కనున్న పిల్లల లైబ్రరీని ఆక్రమించి కూర్చున్నారు, మగపిల్లలేమో సీడీ షాపులవాళ్లను బెదిరించారు. చివరికి జులైలో సైన్యమే దిగాల్సి వచ్చింది (పాక్ గూఢచార సంస్థ ఐఎస్ఐ ఆఫీసు అక్కడికి దగ్గరే మరి!). ఆ డిసెంబర్‌లోనే పాకిస్తానీ తాలిబన్ సంస్థ పుట్టింది.

డబ్బు ఆపేస్తే దారికొస్తారని చాలామంది అనుకుంటారు గానీ, అప్పటికే వాళ్లకు సొంత చందాలు, సొంత మదర్సాలు, చెప్పింది నమ్మే కుర్రాళ్లు ఉన్నారు.