రోడ్డు నాసిరకమని పోస్టు పెడితే పరువు నష్టం నోటీసు.. నిజం చెప్పినా నేరమేనా?

ప్రశ్న: మా ఊళ్లో వేసిన సీసీ రోడ్డు మూడు నెలలకే పగుళ్లిచ్చింది. ఫొటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘కాంట్రాక్టరు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కలిసి సగం డబ్బులు మింగేశారు’ అని రాశాను. 15 రోజుల్లో క్షమాపణ చెప్పి, 10 లక్షల పరిహారం ఇవ్వాలంటూ కాంట్రాక్టరు లాయరు చేత నోటీసు పంపించాడు. నన్ను అరెస్టు చేస్తారా? పోస్టు తీసేయాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: అరెస్టు భయం పెట్టుకోకండి. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కిందికి వస్తుంది (పాత ఐపీసీ 499, 500). శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఇది బెయిలబుల్ నేరం, పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు. పరువు పోయిందనుకునే మనిషే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి. దాన్ని విచారణకు తీసుకునే ముందు మీ వాదన వినాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 223 చెబుతోంది. ఎవరైనా ఐటీ చట్టం సెక్షన్ 66ఏ పేరు చెప్పి బెదిరిస్తే, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసిందని చెప్పండి. పోస్టులో కులం ప్రస్తావన తెచ్చి ఉంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు పోలీసు కేసే కావచ్చు.

ఇక అసలు విషయం. రోడ్డు పగిలిందన్నది మీరు కళ్లారా చూసింది. డబ్బులు మింగేశారన్నది మీరు ఊహించింది. మొదటిదానికి ఫొటోలున్నాయి, రెండోదానికి మీ దగ్గర ఏముంది? కేసంటూ నడిస్తే ఆ ఒక్క వాక్యం మీదే నడుస్తుంది.

సివిల్ దావాలో చెప్పింది నిజమని రుజువైతే చాలు. క్రిమినల్ కేసులో అది చాలదు. సెక్షన్ 356 మొదటి మినహాయింపు ప్రకారం మాట నిజమై ఉండాలి, అది బయటపెట్టడం ప్రజాహితానికి అవసరమై ఉండాలి. రెండూ చూపించాల్సింది మీరే. ఊరి రోడ్డు విషయంలో ప్రజాహితం చూపించడం కష్టం కాదు. చిక్కంతా ‘నిజం’ దగ్గరే. ప్రభుత్వ ఉద్యోగి విధి నిర్వహణ మీద, ప్రజా వ్యవహారాల్లో ఎవరి నడతపైనైనా సదుద్దేశంతో చెప్పే అభిప్రాయానికి అదే సెక్షన్ రెండో, మూడో మినహాయింపుల రక్షణ ఉంది. అయితే చట్టం దృష్టిలో సదుద్దేశమంటే మంచి మనసు కాదు, తగిన జాగ్రత్త తీసుకోవడం. ‘పని నాసిరకం, విచారణ జరపాలి’ అంటే అభిప్రాయం. ‘సగం మింగేశారు’ అంటే లెక్క చూపాల్సిన ఆరోపణ.

ఆ లెక్క తెచ్చుకునే దారి సమాచార హక్కు చట్టం. పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టి ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ పరీక్షల రిపోర్టులు, చెల్లించిన బిల్లుల నకళ్లు అడగండి. ఫీజు మండల స్థాయిలో 5, జిల్లా స్థాయిలో 10 రూపాయలు. చాలామందికి తెలియని సంగతి, సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన మెటీరియల్ శాంపిల్ అడిగే హక్కు కూడా మీకున్నాయి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ఎం-బుక్కులో 15 సెంటీమీటర్ల మందం రాసి, విరిగిన అంచు దగ్గర టేపు పెడితే 10 వచ్చిందనుకోండి. ‘మందం 5 సెంటీమీటర్లు తక్కువ, బిల్లు మాత్రం పూర్తిగా చెల్లించారు’ అని రాస్తే నిందకన్నా గట్టిగా తగులుతుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత) గడువు ఎంతో కూడా చూడండి. ఆ గడువులో పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. కాగితాలు జతచేసి ప్రజావాణిలో కలెక్టరుకు, ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఫిర్యాదు ఇవ్వండి. అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసే ఫిర్యాదుకు ఎనిమిదో మినహాయింపు రక్షణ ఉంది. గ్రూపులో పెట్టే పోస్టుకు ఆ రక్షణ వర్తించదు.

ఇప్పుడు నోటీసు సంగతి. అది కోర్టు సమను కాదు. జవాబివ్వకపోతే శిక్షేమీ లేదు కానీ, ఇవ్వడమే మంచిది. ఆవేశంలో సొంతంగా రాయకండి, లాయరు ద్వారా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. రోడ్డు నాణ్యతపై మీ మాటకు కట్టుబడండి. డబ్బుల ఆరోపణకు ఆధారం దొరకకపోతే అది అనుమానమేనని, విచారణ కోరుతున్నానని స్పష్టం చేయండి. ‘తప్పుడు ఆరోపణ చేశాను’ అంటూ వాళ్లు రాసిచ్చిన క్షమాపణ పత్రంపై సంతకం పెట్టారంటే, రేపు కోర్టులో మొదటి సాక్ష్యం అదే అవుతుంది. పది లక్షల అంకె చూసి బెదరనక్కర్లేదు. దావా వేయాలంటే ఆ మొత్తానికి తగ్గ కోర్టు ఫీజు ముందు ఆయనే కట్టాలి. నోటీసులో అంకె వేయడానికి ఖర్చేమీ కాదు.

పోస్టు తీయాలా వద్దా అన్నది లాయరుతో మాట్లాడాకే తేల్చుకోండి. ముందు గ్రూపు పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఒరిజినల్ ఫొటోలు తీసిన ఫోన్లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపితే తేదీ, లొకేషన్ వివరాలు చెరిగిపోతాయి. కోర్టులో వాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

మీకు చెప్పకుండా కాంట్రాక్టరు ఇంజంక్షన్ (పోస్టులు పెట్టొద్దనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంటాడన్న అనుమానముంటే సివిల్ కోర్టులో కేవియట్ (మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే పెట్టే దరఖాస్తు) వేయండి, అది 90 రోజులు పనిచేస్తుంది. సివిల్ దావాకు కాలపరిమితి పోస్టు పెట్టిన నాటి నుంచి ఏడాది, క్రిమినల్ కంప్లయింట్‌కు మూడేళ్లు. అదే మాటను మళ్లీ ఇంకో గ్రూపులో పెట్టారంటే ఆ పోస్టుకు కాలపరిమితి ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది.