జావాలో పొలం కొనమంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా అబ్బాయి ఇండోనేషియాలో సురబయ నగరంలో బట్టల మిల్లులో పని చేస్తాడు. అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు, మాకు సంతోషమే. కోడలి పుట్టిల్లు మధ్య జావాలో ఒక వ్యవసాయ గ్రామం. మా వియ్యంకుడి పొలం పక్కనే అర హెక్టారు వరి మడి అమ్మకానికి వచ్చిందట. ఇక్కడున్న నాలుగెకరాల్లో రెండు అమ్మి అది కొందాం, నీళ్లకు కరువు లేదు, రేపు నువ్వూ అమ్మా వచ్చి అక్కడే ఉండొచ్చు అంటున్నాడు. బోర్లు వేసి వేసి విసిగిన నాకు మనసు లాగుతోంది. పట్టా ఎవరి పేరు మీద అవుతుంది? ఆ ఊళ్లో మనలాంటి వాళ్లకు బతుకు ఎట్లుంటది?
– పేరు వేయొద్దన్న ఒక రైతు

జవాబు: రెండెకరాలు అమ్మకండి. ముందు ఆ మాట చెప్పేసి కారణాల్లోకి వస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం చదువుతుంటే మీరు సగం మనసు అటే పెట్టేసుకున్నట్టు కనిపిస్తోంది.

పట్టా మీ పేరు మీద కాదు, మీ అబ్బాయి పేరు మీదా కాదు. ఇండోనేషియాలో 1960లో వచ్చిన భూమి చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే. పెళ్లి వల్లో వారసత్వం వల్లో విదేశీయుడికి అలాంటి భూమి సంక్రమించినా ఏడాదిలోగా వదులుకోవాలి, లేకపోతే ప్రభుత్వానికి పోతుంది. ఇది విని కోపం తెచ్చుకోకండి, మన దేశంలో కూడా అంతే కదా. విదేశీయుడి సంగతి అటుంచి, అమెరికాలో స్థిరపడ్డ మన ఎన్నారై కూడా ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేడు, తండ్రి నుంచి వస్తే ఉంచుకోవచ్చు గానీ.

అయితే కోడలి పేరు మీద కొందాం అంటారు. ఇక్కడే చాలామంది చిక్కుకునేది. అక్కడి 1974 పెళ్లి చట్టం ప్రకారం పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి భార్యాభర్తలిద్దరిదీ. అంటే కోడలు కొన్నా అందులో మీ అబ్బాయికి, అంటే ఒక విదేశీయుడికి, వాటా ఉన్నట్టే లెక్క, కాబట్టి ఆమెకూ ఆ పూర్తి హక్కు నిలవదు. దీనికి మందు, ఆస్తులు ఎవరివి వారివే అని నోటరీ దగ్గర రాసుకునే ఒప్పందం. ఒకప్పుడు అది పెళ్లికి ముందే రాసుకోవాలి, లేకుంటే అంతే సంగతులు. 2016లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. మీవాళ్లు రాసుకున్నారో లేదో అడగండి. రాసుకుంటే భూమి పూర్తిగా కోడలిది. మీ రెండెకరాల డబ్బు ఆమె పేరు మీద ఉంటుంది, మీ అబ్బాయికి కాగితం మీద ఏమీ ఉండదు. దానికి మీరు మనస్ఫూర్తిగా సిద్ధమైతే అది మీ ఇంటి విషయం, నేనేమీ అనను, ఆడపిల్ల పేరు మీద భూమి ఉండటం మంచిదే. కానీ అది కొనుక్కోవడం కాదు, ఇవ్వడం. ఆ తేడా తెలిసి చేయండి.

ఇంకొకటి, ఇది మీ అబ్బాయికి కూడా తెలిసి ఉండదు. పొలం ఏ మండలంలో ఉంటే యజమాని ఆ మండలంలోనే, లేదా ఆనుకుని ఉన్న మండలంలో, కాపురం ఉండాలని 1961 నుంచి వాళ్లకు నిబంధన ఉంది. వాళ్లు కెచమాతన్ అంటారు, మన మండలం లాంటిదే. ఊళ్లలో దీన్ని పెద్దగా పట్టించుకోరన్న మాట నిజమే, కానీ సురబయలో ఉంటున్న కోడలు పల్లెలో మడి కొంటే రిజిస్ట్రేషన్ అప్పుడో, తర్వాత పాలివాళ్లతో గొడవ వచ్చినప్పుడో ఇది బయటికి తీస్తారు. గెట్టు పంచాయితీలు మనకే ఉన్నాయనుకోకండి.

కాగితాల సంగతి. మన సాదా బైనామాల తలనొప్పి మీకు తెలుసు కదా, తెల్లకాగితం మీద రాసుకుని నలుగురి ముందు సంతకం పెట్టి, ముప్పై ఏళ్ల తర్వాత తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం. జావా పల్లెల్లో కూడా ఇలాంటి భూములు చాలా ఉన్నాయి, ఊరి రిజిస్టర్‌లో పేరు, పన్ను రసీదు తప్ప సర్టిఫికెట్ ఉండదు. 2017 నుంచి ప్రభుత్వం ఊరూరా కొలిచి సర్టిఫికెట్లు ఇస్తోంది. 2021లో వచ్చిన నిబంధన ఆ పాత కాగితాలను రిజిస్టర్ చేయించుకోవడానికి ఐదేళ్ల గడువు పెట్టింది, ఆ తర్వాత అవి హక్కుకు రుజువుగా చెల్లవు. కాబట్టి సర్టిఫికెట్ లేని మడి అయితే బేరానికే కూర్చోవద్దు. ఆ మడి ఊరి అధికారులకు జీతానికి బదులు సాగు చేసుకోమని ఇచ్చిన భూమి కాదు కదా అని కూడా చూడాలి. జావాలో అలాంటివి చాలా ఊళ్లలో కనిపిస్తాయి, వాటిని అమ్మే హక్కు వాళ్లకు ఉండదు.

ఇప్పుడు రాబడి. అర హెక్టారు అంటే మన ఎకరం తొమ్మిది గుంటలు. ఆ దేశంలో వరి సగటున హెక్టారుకు ఐదు టన్నుల పైచిలుకు, అంటే మీ మడికి పంటకు మోటుగా 26 క్వింటాళ్లు. 2025లో ప్రభుత్వం కిలోకు 6,500 రూపియాలు కనీస ధర పెట్టింది, మన డబ్బులో సుమారు 34 రూపాయలు, మన మద్దతు ధర కంటే బాగా ఎక్కువే. పంటకు 88 వేలు వస్తాయనుకోండి. మీరు వెళ్లి దున్నరు కదా, పాలుకు ఇస్తారు. జావాలో సగం పాలు మామూలు. అంటే మీకు మిగిలేది 44 వేలు, అందులో పెట్టుబడిలో మీ వాటా పోవాలి. నీళ్లు బాగుంటే ఏడాదికి రెండు పంటలు, కొన్నిచోట్ల మూడు. ఇప్పుడు ఇక్కడి మీ రెండెకరాల అమ్మకం ధరను దీనితో భాగించి చూడండి, కల్వకుర్తి వైపు రేట్లు నేను చెప్పక్కర్లేదు.

నీళ్ల మాట మాత్రం నిజం. మన పాలమూరులో ఏడాదంతా పడే వానకు మూడు నాలుగు రెట్లు పడే ఊళ్లు జావాలో చాలా ఉన్నాయి, పైగా అగ్నిపర్వతాల బూడిద కలిసిన నేల. కానీ వాళ్లకూ 2023లో ఎల్‌నినో దెబ్బ తగిలి దేశం మొత్తం మీద వరి ఉత్పత్తి తగ్గింది. ఉత్తర తీరంలో అయితే దెమాక్ జిల్లాలో నేల కుంగి, సముద్రం లోపలికి వచ్చి కొన్ని ఊళ్లు నీళ్లలోనే ఉన్నాయి. వియ్యంకుడి ఊరు తీరానికి ఎంత దూరమో అడగండి.

ఇక బతుకు. ఆ పల్లెల్లో మనుషులు మంచివాళ్లు, మర్యాద ఎక్కువ, గట్టిగా మాట్లాడటం తప్పుగా చూస్తారు (మన గొంతులతో కొంచెం కష్టమే). వీధికొక పెద్ద ఉంటాడు. ఇంటికి వచ్చిన చుట్టం ఒక రాత్రి దాటి ఉంటే 24 గంటల్లో ఆయనకు చెప్పాలని వీధి మొదట్లోనే బోర్డు పెడతారు. కాలువ పూడిక తీయాలన్నా, ఎవరింట్లో చావు జరిగినా ఇంటికొకరు వెళ్లాలి, వెళ్లకపోతే మాట వస్తుంది. ఆడవాళ్లు నెలనెలా చిట్టీల్లాంటివి వేసుకుంటారు, మీ ఇంట్లోవాళ్లు అందులో చేరితే భాష రాకపోయినా ఊళ్లో కలిసిపోతారు. అన్నం, కారం మనలాగే, కాకపోతే చాలా పచ్చళ్లలో రొయ్యల ముద్ద పడుతుంది, మీరు శాకాహారులైతే ముందే చెప్పుకోవాలి. జొన్న రొట్టె మీద ఆశ వదులుకోవాలి.

మీవాడు చెప్పని సంగతి ఒకటి. ఆ పల్లెల్లో పొలంలో కనిపించేది ఎక్కువగా ముసలివాళ్లే. వయసు పిల్లలు మలేషియా, హాంకాంగ్, తైవాన్‌లకు ఇళ్లల్లో పనికి, ఫ్యాక్టరీల్లో పనికి పోతారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలిసినట్టు అక్కడ కూడా వలస జిల్లాలని పేరుపడ్డవి ఉన్నాయి. జావాలో చాలా కుటుంబాలకు అర హెక్టారు కూడా లేదు, అది వాళ్లనే నిలబెట్టలేక పిల్లల్ని పంపిస్తున్నారు. అలాంటిది మిమ్మల్ని నిలబెడుతుందా?

మీరు ఉండటానికి కూడా వీలు చూసుకోవాలి. వెళ్లి దిగగానే ఇచ్చే వీసా 30 రోజులకే, ఒకసారి ఇంకో 30 పొడిగిస్తారు, స్థిరంగా ఉండాలంటే నివాస అనుమతి వేరే తీసుకోవాలి. అంతకంటే, ఈసారి వాళ్ల కోతల కాలంలో ఇద్దరూ ఒక నెల వెళ్లి వియ్యంకుడి ఇంట్లో ఉండి రండి. మడి మీద అంత మనసుంటే కోడలితో ఒక రెండేళ్లు కౌలుకు తీయించండి, ఏమొస్తుందో ఆమెకే తెలుస్తుంది. ఇక్కడి పాస్‌బుక్ మాత్రం బీరువాలోనే ఉంచండి.

ప్రశ్న: ఇండోనేషియాలోని బాలిలో ఒక స్థానికుడి పేరు మీద భూమి కొని, అతని చేత మనకు హక్కు ఉందని రాయించుకుంటే చాలని ఒక ఏజెంటు చెబుతున్నాడు. నమ్మొచ్చా?
– ఒక యువకుడు, మిర్యాలగూడ

జవాబు: నమ్మొద్దు. అది బినామీ. విదేశీయుడికి చేరేలా చేసే ఏ లావాదేవీ అయినా చెల్లదని పైన చెప్పిన 1960 చట్టంలోనే ఉంది, కోర్టుకు వెళ్తే మీ కాగితం కాగితంగానే మిగులుతుంది. అక్కడ విదేశీయులు సక్రమంగా చేసేది లీజు. ధర వంద చదరపు మీటర్లకు, ఏడాదికి ఇంత అని చెబుతారు, అంటే దాదాపు మన గుంట లెక్క, కానీ పాతికేళ్ల డబ్బు ముందే కట్టించుకుంటారు. వరి మడులున్న పచ్చ జోన్‌లో ఇల్లు కట్టనివ్వరు, ఏజెంటు ఫోటోలో చూపించే అందమంతా ఆ జోన్‌దే అయి ఉంటుంది. ఒకవేళ డబ్బు పంపినా బ్యాంకు ద్వారానే పంపండి, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది, పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం పన్ను ముందే పట్టుకుంటారు, ఆ ఆస్తిని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి. ఏజెంటు హవాలా మాట ఎత్తితే అక్కడితో ఫోన్ పెట్టేయండి.