ఫెదోతోవ్ పెళ్ళిచూపుల బొమ్మ: మీ రెండు ప్రింట్లూ సరైనవే

ఒక ప్రింట్‌లో పైన షాండ్లియర్ ఉంది, ఇంకోదాంట్లో లేదు, ఏది అసలుదని అడిగారు కదా. టెన్షన్ పడకండి, రెండూ అసలు బొమ్మలవే. రష్యన్ చిత్రకారుడు పావెల్ ఫెదోతోవ్ ‘మేజర్ పెళ్ళిచూపులు’ రెండుసార్లు వేశాడు. షాండ్లియర్ ఉన్నది 1848 నాటిది, మాస్కోలోని ట్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉంది. లేనిది 1851 ప్రాంతంలో వేసింది, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉంది.

గోడకు ఒకటే పెట్టాలంటే నేను మొదటిదే పెడతాను. వ్యాపారి ఇంటి హాలు అందులో కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. పెళ్ళికూతురు సిగ్గుతో లోపలికి పారిపోబోతుంటే తల్లి గౌను పట్టుకుని వెనక్కి లాగుతోంది. చేతిరుమాలు కింద పడిపోయింది. తండ్రి హడావిడిగా కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. పక్క గదిలో మేజర్ మీసం మెలేస్తూ నిలబడ్డాడు. ఇక ముందుభాగంలో పిల్లి ఒళ్ళు శుభ్రం చేసుకుంటోంది. మనకు కాకి అరిస్తే చుట్టాలొస్తారన్నట్టే, రష్యన్లకు పిల్లి ముఖం కడుక్కుంటే అతిథి వస్తాడని నమ్మకం. ఫ్రేమ్ కట్టించేటప్పుడు కింది అంచు మాత్రం కత్తిరించనివ్వకండి, ఆ పిల్లి పోతుంది.