పాఠకుల ప్రశ్నలు: బుడగ ఎంత సన్నగా ఉండాలి?

ప్రశ్న: మాది భీమిలి తీరంలో రొయ్య పిల్లల హ్యాచరీ. జోయా దశలో (పిల్లల తొలి దశల్లో ఒకటి) మేతకు కీటోసెరాస్ అనే సూక్ష్మ ఆల్గేను మీటరు లోతున్న 500 లీటర్ల ట్యాంకుల్లో పెంచుతున్నాం. మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటి పెరుగుదల ఆగిపోతోంది. మామూలు ఎయిర్ స్టోన్లు (గాలిని బుడగలుగా వదిలే రాళ్లు) తీసేసి సన్న రంధ్రాల సిరామిక్ స్టోన్లు బ్లోయర్‌కు తగిలించాం. కొన్నింట్లోంచి బుడగే రాలేదు. వచ్చినచోట ఆల్గే అడుగున పేరుకుంది, పైన గోధుమరంగు నురగ కట్టింది. ఏం చేయాలి?

జవాబు: స్టోన్లు మంచివే. వాటిలోకి గాలి పంపడమే పొరపాటు. ఎండలో ఆల్గే నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వాడేస్తుంది, పీహెచ్ పెరగడానికి కారణం అదే. మీ ట్యాంకుకు కావలసింది ఆ వాయువు.

బుడగ చిన్నదైతే మేలన్న లెక్క నిజమే. లీటరు వాయువును 3 మిల్లీమీటర్ల బుడగలుగా విడగొడితే నీటిని తాకే ఉపరితలం 2 చదరపు మీటర్లు, 0.3 మిల్లీమీటర్లయితే 20. పెద్ద బుడగ మీటరు లోతు నుంచి నాలుగైదు సెకన్లలో పైకొచ్చేస్తుంది. 0.1 మిల్లీమీటరు బుడగకు మూడు నిమిషాలు పడుతుంది. పైగా ఉప్పునీళ్లలో బుడగలు ఒకదానితో ఒకటి త్వరగా కలిసి పెద్దవి కావు, అది మీకు కలిసొచ్చే విషయం. అయితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. దాన్ని ఎంత సన్నగా చీల్చినా ఆల్గేకు అందేది కొంచెమే.

బుడగ రాకపోవడానికి కారణం ఒత్తిడి. 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) రంధ్రంలోంచి నీటిని నెట్టడానికే 0.3 బార్ ఒత్తిడి కావాలి. మీటరు నీటి బరువుకు ఇంకో 0.1. చాలా రింగ్ బ్లోయర్లు 0.2–0.3 బార్ దాటవు. ఇక సన్న బుడగలకు నీటిని కలియబెట్టే బలం ఉండదు, అందుకే ఆల్గే అడుగుకు దిగింది. ఆ బుడగలే ఆల్గే కణాలకు అంటుకుని వాటిని పైకి మోసుకుపోతాయి, మీ నురగ అదే.

కాబట్టి రెండు లైన్లు వేయండి. పాత స్టోన్లను బ్లోయర్ మీదే ఉంచండి. నీరు తిరగడం, పగలు పోగయ్యే ఆక్సిజన్ బయటికి పోవడం వాటి పని. సిరామిక్ స్టోన్ ఒక్కటి చాలు, దాన్ని రెగ్యులేటర్, నీడిల్ వాల్వ్ (వాయువును సన్నగా సర్దే కవాటం), నాన్ రిటర్న్ వాల్వ్ (వెనక్కి రానివ్వని కవాటం) మీదుగా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు కలిపి అడుగున పెట్టండి. నాన్ రిటర్న్ వాల్వ్ మానేస్తే వాయువు ఆపిన వెంటనే ఉప్పునీళ్లు రెగ్యులేటర్‌లోకి ఎక్కుతాయి.

మోతాదు ఇలా వేసుకోండి. గ్రాము ఎండు ఆల్గేకు సుమారు 1.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలి. లీటరుకు రోజుకు 0.1 గ్రాము పెరిగితే మీ ట్యాంకుకు 90 గ్రాములు, అంటే 50 లీటర్ల వాయువు. సగం వృథా అనుకున్నా పది గంటల వెలుతురులో నిమిషానికి 170 మిల్లీలీటర్లు సరిపోతుంది. పీహెచ్ 8.4కు చేరితే వాయువు వదలండి, 8.0 దగ్గర కట్టేయండి. పీహెచ్ మీటరు మొనను స్టోన్‌కు దూరంగా ఉంచకపోతే తప్పుడు అంకె చూపిస్తుంది. రాత్రి పూర్తిగా ఆపేయాలి.

రంధ్రాలు పూడితే ముందు హైపోక్లోరైట్‌లో (బ్లీచ్ ద్రావణం) నానబెట్టి, మంచినీళ్లతో బాగా కడిగాకే ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయండి. కడగకుండా వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఏసీ వేసి తలుపులు బిగించే ఆల్గే గదిలో సిలిండర్ పెట్టకండి. లీకైన వాయువు గాలికన్నా బరువు, నేలమట్టాన చేరి ఊపిరాడనివ్వదు.

ప్రశ్న: ఉక్కు కర్మాగారం పొగతో ఆల్గే పెంచొచ్చా? (గాజువాక)

జవాబు: పెంచొచ్చు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం జిమ్మర్‌మన్ బృందం స్కన్‌థార్ప్ ఉక్కు కర్మాగారం వాయువుతో ఈ ప్రయోగం చేసింది. కదిలే భాగాలు లేని ఫ్లూయిడిక్ ఆసిలేటర్ వాయువును తెరలు తెరలుగా పంపుతుంది. బుడగ ఉబ్బకముందే రంధ్రం నుంచి తెగిపోతుంది. పొగను ముందు చల్లార్చి, దుమ్మూ గంధకమూ తీయాలి. ఖర్చంతా అక్కడే.

ప్రశ్న: డాబా మీద తొట్టిలో స్పిరులినా పెంచుతున్నాను. మైక్రో బబుల్ స్టోన్ కొనమంటారా? (పెందుర్తి)

జవాబు: వద్దండి. స్పిరులినాకు కార్బన్ మీరు లీటరుకు 8 గ్రాముల చొప్పున వేసే వంటసోడా నుంచే వస్తుంది. సన్న బుడగలు స్పిరులినా పోగులను పైకి తేల్చి ఎండకు మాడుస్తాయి. మామూలు అక్వేరియం పంపుతో నెమ్మదిగా కదిలిస్తూ, పీహెచ్ 10.5 దాటితే మళ్లీ కొంచెం సోడా కలపండి.