అరుణ్ ఖేత్రపాల్‌కు 21 ఏళ్లకే పరమవీర చక్ర ఎందుకు ఇచ్చారు?

1971 భారత్-పాక్ యుద్ధంలో, బసంతర్ నది దగ్గర జరిగిన పోరులో చూపిన తెగువకు మరణానంతరం ఇచ్చారు. అరుణ్ పూనా హార్స్ అనే ట్యాంకుల రెజిమెంట్‌లో సెకండ్ లెఫ్టినెంట్. ఆఫీసరై అప్పటికి ఆరు నెలలే!

డిసెంబర్ 16న జర్‌పాల్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు మీదికొచ్చాయి. అతని ట్యాంకుకు దెబ్బ తగిలి మంటలు లేచాయి. దిగిపొమ్మని రేడియోలో ఆర్డర్ వచ్చింది. గన్ ఇంకా పనిచేస్తోంది, ట్యాంకు వదలనన్నాడు. శత్రు ట్యాంకులను కొడుతూనే ఇంకో దెబ్బకు ప్రాణం వదిలాడు. మర్నాడే కాల్పుల విరమణ. నాకైతే మనసు అక్కడే ఆగిపోతుంది.

2001లో అరుణ్ తండ్రి, ఆయనా రిటైర్డ్ బ్రిగేడియరే, తన పుట్టినూరు చూసుకోడానికి పాకిస్తాన్ వెళ్లారు. ఆతిథ్యమిచ్చిన పాక్ బ్రిగేడియర్ చివర్లో నోరు విప్పాడు: ఆ రోజు అరుణ్ ట్యాంకును కొట్టింది తానేనని.