గ్రీకులో ఇంకా తేల్చేదేముంది?

ప్రశ్న: మా అమ్మాయి బి.ఏ. చివరి ఏడాదిలో ఉంది. భాషాశాస్త్రం చదివి ప్రాచీన గ్రీకు మీద పరిశోధన చేస్తానంటోంది. వేల ఏళ్లనాటి భాషలో కొత్తగా తేల్చేదేముంది? ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: తేల్చవలసింది చాలా ఉందండీ. ఒక్క క్రియ చూడండి. గ్రీకులో ‘ఎపెయిసె’ అంటే ఒప్పించాడు, పని అయిపోయింది. ‘ఎపెయిథె’ కూడా భూతకాలమే, కానీ చాలాచోట్ల దానికి ‘ఒప్పించాలని చూశాడు’ అనే అర్థం వస్తుంది. అవతలివాళ్లు ఒప్పుకున్నారో లేదో ఆ మాట చెప్పదు. కాలం ఒకటే, పనిని చూసే తీరు వేరు. ఈ తేడా పాత వ్యాకరణాలకూ తెలుసు. దాన్ని ఆధునిక భాషాశాస్త్రం వెలుగులో పరిశీలిస్తూ బైబిల్ కొత్త నిబంధనలోని గ్రీకు మీద 1989లో స్టాన్లీ పోర్టర్, 1990లో బుయిస్ట్ ఫానింగ్ గ్రంథాలు తెచ్చారు. అప్పుడు రాజుకున్న వాదం నేటికీ చల్లారలేదు.

పదక్రమం సంగతీ అంతే. ‘పుస్తకం రవి ఇచ్చాడు’, ‘రవి ఇచ్చాడు పుస్తకం’ అనే వాక్యాలకు తేడా మనకు ఎవరూ నేర్పకుండానే తెలుస్తుంది. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వాక్యాల్లో ఏ మాట ముందుకు వస్తుందో, ఎందుకు వస్తుందో హెల్మా డిక్ 1995లో ఒక పుస్తకమంతా పరిశీలించారు. తెలుగు పిల్లకు ఆ చెవి పుట్టుకతోనే ఉంది.

ఉద్యోగం గురించి దాచకుండా చెబుతాను. మన దేశంలో ప్రాచీన గ్రీకు బోధించే కొలువులు బహు తక్కువ. అందుకే ముందు భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేయించండి. ఉస్మానియాలో ఉంది, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉంది, పుణేలో డెక్కన్ కాలేజీ ఉంది. దాంతోపాటు కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. గ్రీకు ఇతిహాసాలైన ఇలియడ్, ఒడిస్సీలలో ప్రతి మాటకూ విభక్తి ఏమిటో, వాక్యంలో అది ఏ మాట మీద ఆధారపడిందో గుర్తించి కంప్యూటర్‌కు ఎక్కించారు. దాన్ని ట్రీబ్యాంక్ అంటారు. అటువంటి పనే హైదరాబాద్‌లో తెలుగుకూ జరుగుతోంది. గ్రీకు మీద చేయి తిరిగినవారికి ఇక్కడా పని దొరికే వీలుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుబడతాను. భాష రాకుండా సిద్ధాంతాలు వల్లెవేస్తే ఎక్కడా నిలవలేరు. ఫీజు కట్టేముందు ఆరు నెలలపాటు రోజుకో గంట గ్రీకు చదవమనండి. పెర్సియస్ అనే అంతర్జాల గ్రంథాలయంలో మూలగ్రంథాలు, నిఘంటువు ఉచితంగా దొరుకుతాయి. సంస్కృతం వచ్చి ఉంటే మరీ మంచిది. ‘ఉంచుతాను’ అనే అర్థమున్న సంస్కృతం ‘దధామి’, గ్రీకు ‘తిథేమి’ ఒకే మూలం నుంచి వచ్చినవే. ఆరు నెలల తర్వాత కూడా తనంతట తానే పుస్తకం తెరుస్తోందంటే, విదేశాల్లో పీహెచ్‌డీ, ఉపకార వేతనాల గురించి మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.