పాటు మొదలయ్యే లోపు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, నువ్వు చిత్తూరు నుంచి పంపిన పద్నాలుగు పేజీల యాత్రావ్యాసం పోయిన సోమవారం అందింది. ఆ రాత్రి ఒకసారి, మరునాడు పొద్దున పెన్సిలు చేతబట్టుకుని ఇంకోసారి చదివాను. కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న హోప్ దీవికి కాలేజీ స్నేహితులతో పడవలో వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చిన ఆ ఒక్క రోజును నువ్వు ఎంత ఇష్టంగా దాచుకున్నావో ప్రతి పేజీలోనూ కనిపించింది. బాగుందని రెండు ముక్కలు రాసి పంపితే నీకు సంతోషం కలిగేది గాని, మళ్ళీ కలం పట్టుకున్నప్పుడు అది నీకు పనికివచ్చేది కాదు. నీకు రాయడం వస్తుందన్న నమ్మకం కుదిరింది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మొదటి నాలుగు పేజీలు తీసెయ్. దీవిని "ప్రకృతి ఒడిలో పచ్చని పట్టుచీర కట్టుకుని నిదురించే అందాల రాశి" అన్నావు. ఆ మాట తలకోనకు పెట్టినా అతుకుతుంది, హార్సిలీ కొండలకు పెట్టినా అతుకుతుంది. పైగా నువ్వే ఏడో పేజీలో హోప్ దీవి అంతా ఇసుకేనని, నిలబడడానికి నీడ దొరక్క అందరూ ఒకే పాక చూరు కింద చేరారని రాశావు. నీ కంటికి కనపడింది ఆ నీడ లేని ఇసుక. పట్టుచీర ఎక్కడో చదివింది. ఈ రెండింటిలో ఏది నీదో నీకు తెలుసు.

తర్వాత రెండు పేజీల నిండా అంకెలు పోశావు. దారిలోని కోరంగి మడ అడవుల అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లని, దాన్ని 1978లో ప్రకటించారని, గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లని వరసగా పేర్చుకుంటూ పోయావు. అవి తప్పులు కావు, అక్కడ వాటికి పని లేదు, అంతే. అదే 1,465 కిలోమీటర్లను ఏడో పేజీలోకి తెచ్చి, నువ్వు చెప్పులు విడిచి కాళ్ళు కాలుతుంటే పరుగెత్తిన ఆ ఇసుక పక్కన పెట్టి చూడు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నది దారి పొడుగునా కోసుకుని మోసుకొచ్చిన మన్నూ ఇసుకా గౌతమీ పాయ గుండా సముద్రంలో పడితే, ఒడ్డు వెంబడి ఉత్తరంగా సాగే అలలు ఆ ఇసుకను తోసుకుంటూ పోయి మేట వేయగా వేయగా, సుమారు గత 200 ఏళ్ళలో 16 కిలోమీటర్ల పొడవున కొడవలిలా వంగిన ఈ దిబ్బ లేచింది. దాని చాటున ఉండబట్టే కాకినాడ రేవుకు సముద్రపు పోరు తగ్గింది. పైన కట్టిన ఆనకట్టల వెనక ఇప్పుడు మన్ను నిలిచిపోతోంది కాబట్టి డెల్టాకు మునుపటంత మేట అందడం లేదు. ఇంత కథ నీ అరికాలి కింద ఉండగా దాన్ని ముందుమాటలో పెట్టి వదిలేశావు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం తొమ్మిదో పేజీ. "తిరుగు ప్రయాణంలో పడవ కాసేపు బురదలో ఇరుక్కుంది. తర్వాత కదిలింది." రెండే వాక్యాలు. అవి చదివి ఉండబట్టలేక నీకు ఫోన్ చేశాను, గుర్తుంది కదా. నువ్వు ఫోన్‌లో చెప్పింది కాగితం మీద లేదు. పడవ అడుగున గరగరమని గోకినట్టు వినపడగానే సరంగు ఇంజను ఆపి, ఫ్యాను పైకెత్తేశాడన్నావు. ఇద్దరు కుర్రాళ్ళు గడలతో నెట్టబోతే గడలు మోచేతిలోతు దిగబడ్డాయి గాని పడవ జానెడు కూడా జరగలేదన్నావు. పొద్దున వస్తున్నప్పుడు నీళ్ళ మట్టాన ఆకులు మాత్రమే కనపడిన మడ చెట్లకు ఇప్పుడు వేళ్ళన్నీ బయటపడి, వాటి చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేల కొద్దీ పుల్లలు నిలబడి ఉన్నాయని, వాటి మధ్య ఎర్రటి పీతలు ఒకే డెక్కను ఎత్తి దించుతూ ఉంటే మీ స్నేహితురాలు నవ్వడం మానేసి చూస్తూ ఉండిపోయిందని చెప్పావు. సరంగు తాపీగా బీడీ ముట్టించుకుని, "పోటు తగలాలండి. అప్పటిదాకా ఎవరేం చేసినా కదలదండి" అన్నాడని ఆయన గొంతుతోనే చెప్పావు. అమ్మాయీ, నీ వ్యాసం అక్కడ ఉంది. మిగతాదంతా దాని దగ్గరికి వెళ్ళే దారి.

నీ వ్యాసంలో ఇంకో చోట, చొల్లంగి దగ్గర రోడ్డు పక్కన తీర్థానికి వేసిన పందిళ్ళు ఇంకా విప్పుతున్నారని రాశావు. పుష్య మాసం అమావాస్యను అక్కడ చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు జనం అక్కడ సంగమ స్నానం చేసి, గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్త సాగర యాత్ర మొదలుపెడతారు. అంటే మీరు పడవెక్కింది అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకన్నమాట. సూర్యచంద్రులు ఒకే వరసలోకి వచ్చే అమావాస్యకు, పున్నమికి, ఆ వెంటనే వచ్చే ఒకటి రెండు రోజుల్లో పోటుకు సముద్రపు నీళ్ళు బాగా ఎత్తుకు లేస్తాయి, పాటుకు బాగా లోతుకు తీసిపోతాయి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. మరునాటికి అవి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. మీ సరంగు లెక్కంతా వీటి మీదే నడుస్తుంది. ఫోటోల కోసం మీరు దీవిలో ఇంకో ముప్పావు గంట ఉంటామని పట్టుబట్టినప్పుడు ఆయన రెండుసార్లు వచ్చి పిలిచాడని నువ్వే రాశావు, పిలిచినందుకు విసుక్కున్నామని కూడా రాశావు. మీరు విసుక్కున్న ఆ ముప్పావు గంటలోనే ఉప్పుటేట్లో నీళ్ళు వెళ్ళిపోయాయి. పందిళ్ళు, పిలుపు, ఇరుక్కున్న పడవ నీ కాగితాల్లో మూడు వేరువేరు పేజీల్లో పడి ఉన్నాయి. అవి ఒకే సంగతి. ఈ ముడి నీకు కనపడకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, మాట తెలియకపోవడం.

మాట అంటే ఏమిటో చెబుతాను. మనం మెట్ట దేశం వాళ్ళం. నువ్వు నీవా నది ఇసుకలో ఆడుకుని పెరిగావు, నేను స్వర్ణముఖి ఇసుకలో. మనకు చెలమ తెలుసు, ఊటబావి తెలుసు, కపిల తెలుసు, చెరువు మొరవ పోయిన రోజు ఊరు ఊరంతా గట్టు మీదికి ఎలా పరుగెత్తుతుందో తెలుసు. నీళ్ళు లేనిచోట నీళ్ళకు పుట్టిన మాటలవి. వాటిని పట్టుకుని గోదావరి మొగకు, అంటే నది సముద్రంలో కలిసేచోటికి వెళితే సరిపోవు. అందుకే నువ్వు వ్యాసం పొడుగునా మీ పడవ "కాలువలో" వెళ్ళిందని రాశావు. కాలువ మనిషి తవ్వింది; అందులో నీళ్ళు ఒకే వైపు పోతాయి. మీరు వెళ్ళింది ఉప్పుటేరు. అందులో నీళ్ళు పొద్దున ఒక వైపు, మధ్యాహ్నం ఇంకో వైపు పోతాయి. కాలువ అని రాసిన క్షణమే ఆ నీళ్ళు వెనక్కి తిరుగుతాయన్న సంగతి నీ వాక్యంలోంచి జారిపోయింది. పాయ, మొగ, లంక, మేట, పోటు, పాటు: ఈ మాటలు నీకు నిఘంటువులో దొరుకుతాయి గాని, ఎప్పుడు ఏది వాడాలో పడవలో కూర్చున్న వాళ్ళ నోట వింటేనే తెలుస్తుంది. వినడానికి సిగ్గుపడకు. మేం చిత్తూరు వాళ్ళం, మాకు ఇవి తెలియవు, చెప్పండి అంటే చెప్పని సరంగు ఉండడు.

చెట్ల సంగతీ అంతే. "మడ చెట్లు" అని ఒకే మాటతో సరిపెట్టావు. అక్కడ తెల్ల మడ వేరు, నల్ల మడ వేరు. కొమ్మల్లోంచి వేళ్ళు దింపి కాళ్ళ మీద నిలబడినట్టుండే ఉప్పు పొన్న వేరు. నువ్వు పెన్సిళ్ళన్న పుల్లలు మడ చెట్టు ఊపిరి తీసుకునే వేళ్ళు. గాలి ఆడని బురదలో ఉన్న వేరు పైకి వచ్చి ముక్కు పెట్టుకుంటుంది. అక్కడే తిల్ల చెట్టు ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయని కట్టెలు కొట్టేవాళ్ళు దాని జోలికి పోరు. ఈ చెట్టు నీకు పరాయిది కాదు. శ్రీకాళహస్తిలో వాయులింగం చూసుకుని, ఆకాశలింగం కోసం చిదంబరం వెళ్ళే మన వైపు వాళ్ళందరికీ చిదంబరానికి తిల్లై అని ఇంకో పేరుందని తెలుసు. ఆ తిల్లై ఈ తిల్లే, అక్కడ స్థలవృక్షం ఇదే. కోరంగి బురదలో నిలబడి మన అమ్మమ్మల తీర్థయాత్రను గుర్తు చేసుకునే హక్కు నీకుంది. ఆ పోలిక ఇంకెవరికీ తట్టదు, చిత్తూరు పిల్లకే తడుతుంది.

కోరంగి ఊరి ముందు నుంచి పడవ వెళ్ళినప్పుడు "చిన్న పల్లె" అని రాసి దాటేశావు. అది ఓడలు కట్టిన ఊరు. 1839 నవంబరు తుఫానులో వచ్చిన ఉప్పెన ఆ రేవును ఊడ్చేసింది. అక్కడి నుంచి ఓడలెక్కి వెళ్ళినందువల్లే బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు. ఇదంతా నువ్వు రాయాలని కాదు. ఒక్క వాక్యం చాలు, ఆ పల్లె ముందు పడవ నెమ్మదించినప్పుడు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు, రాయనూ లేదు.

30 ఏళ్ళ కింద, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండి ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోకి వచ్చిన పులికాట్ సరస్సులో ఒక దీవికి వెళ్ళాను. శీతాకాలం, రాజహంసలు దిగిన రోజులు. మిత్రులం ముగ్గురం ఒక మోటారు పడవను సాయంత్రం దాకా బాడిగకు మాట్లాడుకుని, పక్షుల దగ్గర రెండు మూడు గంటలు ఉండి, దీవిలో ఒకరి ఇంట్లో చేపల పులుసుతో అన్నం తిని, పొద్దుగూకేలోపు తిరిగి వచ్చేశాం. వారం లోపే వ్యాసం రాశాను. అక్కడి జనం లోకానికి దూరంగా చీకూచింతా లేకుండా బతుకుతున్నారని, వాళ్ళ ముఖాల్లోని ప్రశాంతత పట్నంలో దొరకదని రాశాను. ఒక పత్రికలో అచ్చయింది. పది మంది మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు.

మరుసటి ఏడాది మళ్ళీ వెళితే, మాకు అన్నం పెట్టిన ఇంటి పెద్దావిడ నన్ను గుర్తుపట్టి అరుగు మీద కూర్చోబెట్టింది. "అయ్యా, మీరు రాసింది మా పిల్లోడు చదివి వినిపించినాడు. ఆ పొద్దు పక్కింటి పాపకు నొప్పులు మొదలయినాయి. రేవులో ఉన్నింది ఒక్క మోటారు పడవే, దాన్ని మీరు తీసుకోని ఉంటిరి. మీరు గువ్వల్ని చూసుకోని వచ్చిందాకా ఆ పాపను రేవులో పండబెట్టుకోని కూచోనుంటిమి" అంది. మేం వచ్చేసరికి రేవులో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి ఉండడం నేను చూశాను. మమ్మల్ని సాగనంపడానికి వచ్చారనుకున్నాను. వ్యాసంలో అలాగే రాశాను కూడా. మమ్మల్ని ఒడ్డున దించిన పడవ వెంటనే వెనక్కి తిరిగితే, చీకట్లో పడవ ఎందుకు నడుపుతున్నాడని కూడా అడగలేదు. తల్లీ బిడ్డా బతికారులే అని ఆవిడే నన్ను ఓదార్చింది. ఆ వ్యాసాన్ని నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

ఆ రోజు నేను చేసిన పొరపాటు ఏమిటని చాలా కాలం ఆలోచించాను. ముందు తెలియకపోవడం నా తప్పనుకున్నాను. కాదు. ఒక్క పూట ఉన్నవాడికి ఏమీ తెలియదు, తెలియాలని ఎవరూ అనరు. నేను ఒక పూట చూసి వాళ్ళ బతుకంతా చూసినట్టు రాశాను, అదీ తప్పు. నీ వ్యాసం పన్నెండో పేజీలో "ఈ దీవి మత్స్యకారులు అల్పసంతోషులు" అన్న వాక్యం చూడగానే నా పాత వ్యాసం నా ముందుకు వచ్చి నిలబడింది. వాళ్ళ పాకల దగ్గర మీరు ఉన్నది ఎంతసేపు? మంచినీళ్ళు అడిగి తాగారని రాశావు. ఆ ఇసుక దిబ్బ మీద ఆ మంచినీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగి ఉంటే, ఆ ఒక్క జవాబు అల్పసంతోషులన్న మాట కంటే ఎన్నో రెట్లు విలువైనది అయ్యేది. అడగలేదు కదా, పరవాలేదు. బిందె ఎలాంటిది, గ్లాసు ఎవరు అందించారు, నీళ్ళు ఏ రుచిలో ఉన్నాయి, అంతవరకే రాయి.

నువ్వు చూసింది ఒక పగలు. పొద్దున పోటు మీద వెళ్ళి, పాటుకు చిక్కి, మళ్ళీ పోటు తగిలాక వచ్చావు. నీ వ్యాసానికి ఆ కొలత చాలు. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలో రాత్రిళ్ళు సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నువ్వు రాత్రి లేవు కాబట్టి వాటిని చూసినట్టు రాయకు. మడ అడవిలో నీటిపిల్లి ఉంటుంది. నీకు కనపడలేదు కాబట్టి దాని కళ్ళు మెరిశాయని రాయకు. నీ దగ్గర ఇరుక్కున్న పడవ ఉంది, కదలని ఆ గంటన్నర ఉంది. నీళ్ళు తిరిగి వస్తున్నప్పుడు మొదట ఏం జరిగిందో, బురద మీద గీతలా వచ్చిందా, నురగ వచ్చిందా, పడవ కింద చప్పుడు మారిందా, ఫోన్‌లో అడిగితే "ఏమో సార్, ఉన్నట్టుండి కదిలింది" అన్నావు. కళ్ళు మూసుకుని కూర్చుని గుర్తు చేసుకో. నాకు ఆ ఒక్కటి తెలుసుకోవాలని ఉంది.

ఇంకొకటి. దీవి నుంచి తిరిగి వస్తున్నప్పుడు పాకల దగ్గర ఒక ఆడమనిషి బుట్ట పట్టుకుని మీ పడవ ఎక్కిందని, ఇరుక్కున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడలేదని ఫోన్‌లో చివర్లో అన్నావు. కాగితం మీద ఆమె లేనే లేదు. మీరు ఫోటోలు తీసుకున్న ఆ ముప్పావు గంట ఆమె ఎక్కడ నిలబడింది? బుట్టలో ఏముంది? ఎండిన చేపలైతే ఆలస్యం వల్ల వచ్చిన నష్టం లేదు, పచ్చివైతే సంత దాటిపోయి ఉంటుంది. నీకు తెలియకపోవచ్చు. ఆమె ఎక్కడ కూర్చుంది, ఎటు చూస్తూ ఉంది, పడవ కదిలినప్పుడు బుట్టను ఏం చేసింది, ఏ రేవులో దిగింది, వీటిలో ఏది గుర్తుంటే అది రాయి. గుర్తు లేనిది గుర్తు లేదనే రాసి పంపు. నీ కాగితాలు పెన్సిలు గుర్తులతో రేపు పోస్టులో వేస్తున్నాను.

ఆశీస్సులతో.